ఇల్లు అమ్మకుండా ఊరు మారిన కుటుంబం: హైదరాబాదు నుంచి కాకినాడకు, రెండేళ్ళ లెక్క

ఇంటి నుంచి పని చేసే వీలున్న కుటుంబం నగరం వదిలి సొంత ఊరికి వెళ్ళాలనుకున్నప్పుడు లెక్క దాదాపు ఎప్పుడూ ఒకే చోట మొదలవుతుంది: అక్కడి అద్దె ఇంత, ఇక్కడి ఖర్చు ఇంత, నెలకు మిగిలేది ఇంత. కుటుంబ ఆర్థిక సలహాదారుగా నా దగ్గరికి ఈ లెక్క రాసుకుని వచ్చినవారు చాలామంది ఉన్నారు. వెళ్ళేముందు వేసుకున్న అంచనానూ రెండేళ్ళ తరువాత చేతిలో మిగిలిన మొత్తాన్నీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం మాత్రం తక్కువ కేసుల్లో దొరుకుతుంది. ఈ దంపతులు ప్రతి నెలా ఖర్చు రాసి ఉంచారు కాబట్టి ఈ కేసులో అది సాధ్యమైంది. వారి అనుమతితోనే దీన్ని రాస్తున్నాను. వారిని గుర్తుపట్టగల వివరాలు మార్చాను, అంకెలను సవరించి గుండ్రంగా ఇచ్చాను.

2023 ఫిబ్రవరిలో నా దగ్గరికి వచ్చేనాటికి వారు కొండాపూర్‌లో మూడు పడకగదుల అద్దె ఇంట్లో ఉంటున్నారు. ఆయన ఒక సాఫ్ట్‌వేర్ ఉత్పత్తుల సంస్థలో, ఆమె ఒక ఐటీ సేవల సంస్థ టెస్టింగ్ విభాగంలో పని చేస్తున్నారు. ఇద్దరికీ కలిపి నెలకు చేతికి 2,20,000 రూపాయలు వస్తోంది. పాప రెండో తరగతి చదువుతోంది. అప్పటిదాకా 32,000 ఉన్న అద్దెను కొత్త అగ్రిమెంటులో 45,000 చేస్తానని ఓనరు చెప్పారు. మెయింటెనెన్సు 4,500 దానికి అదనం. ఆఫీసులు మళ్ళీ తెరుచుకుని, కరోనా కాలంలో ఖాళీ అయిన ఇళ్ళన్నీ నిండిపోతున్న సమయం కావడంతో, పశ్చిమ హైదరాబాదులో బేరమాడే స్థితిలో అద్దెదారు లేడు.

అద్దె ఒక్కటే అయితే తట్టుకునేవారే. 2021 ఫిబ్రవరిలో తెల్లాపూర్‌లో నిర్మాణంలో ఉన్న ఫ్లాటు ఒకటి 92 లక్షలకు తీసుకుని, 65 లక్షల గృహ రుణం 7 శాతం వడ్డీకి 20 ఏళ్ళ గడువుతో తెచ్చుకున్నారు. ఈఎంఐ 50,400. రిజర్వు బ్యాంకు రెపో రేటు, అంటే అది బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 4 శాతం దగ్గర ఉన్న రోజులవి. 2022 మే నుంచి మొదలైన పెంపులతో 2023 ఫిబ్రవరికి ఆ రేటు 6.5 శాతానికి చేరింది, వీరి రుణం 9 శాతానికి వచ్చింది. ఈఎంఐ మాత్రం మారలేదు కనుక దంపతులు దీన్ని అంతగా పట్టించుకోలేదు. స్టేట్‌మెంటు తెప్పించి చూస్తే, మిగిలిన 61.8 లక్షల అసలు మీద నెల వడ్డీయే 46,350 అవుతోంది, కట్టే 50,400లో అసలుకు జమయ్యేది 4,050 మాత్రమే. 18 ఏళ్ళు మిగిలి ఉండాల్సిన గడువును బ్యాంకు 28 ఏళ్ళకు సాగదీసింది. రేటు మారిన ప్రతిసారీ ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అని రుణగ్రహీతను అడిగి తీరాలని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. అది రాకముందే, వీరి విషయంలో అడగడం మా వైపు నుంచే జరిగింది. గడువును మళ్ళీ 18 ఏళ్ళకు తెచ్చేసరికి ఈఎంఐ 57,900 అయింది.

అంటే ఇల్లనే పద్దు కిందే నెలకు 1,07,400 రూపాయలు, చేతికొచ్చే ఆదాయంలో దాదాపు సగం పోతోంది. ఫ్లాటు చేతికి రావడానికి ఇంకా ఏడాది పడుతుందని బిల్డరు చెబుతున్నాడు. ఉండని ఇంటికి ఈఎంఐ, ఉంటున్న ఇంటికి అద్దె ఒకే నెలలో కట్టాల్సి రావడం ఈ తరం ఐటీ కుటుంబాలను నగరం నుంచి నెట్టే అసలు కారణమని నా అనుభవం. ఒక్క అద్దె పెరిగితే మనుషులు పక్క కాలనీకి మారతారు గాని ఊరు మారరు.

వారి ముందు మూడు ప్రశ్నలున్నాయి. కాకినాడలో ఆయన తల్లిదండ్రుల ఇంటి మేడ మీద వాటాలోకి మారడం మొదటిది. తెల్లాపూర్ ఫ్లాటు అమ్మేయడం రెండోది. ఆ డబ్బుతో కాకినాడలో స్థలం కొని ఇల్లు కట్టుకోవడం మూడోది. వారు ఈ మూడింటినీ ఒకే నిర్ణయంగా తెచ్చారు. ఆయన తండ్రి ఫోనులో నాతో మాట్లాడి, “అమ్మా, కళ్ళతో చూడని ఇంటికి అప్పు కట్టడం దేనికి? అమ్మేసి ఇక్కడ రెండొందల గజాలు కొంటే పిల్లలు సుఖంగా ఉంటారు కదా” అన్నారు. పెద్దాయన మాటలో న్యాయం ఉంది. అయినా నేను ముందుగా చేసింది ఆ మూడు ప్రశ్నలను విడదీయడమే. ఊరు మారడం వెనక్కి తీసుకోగల నిర్ణయం, ఇల్లు అమ్మడం అలాంటిది కాదు.

ఉద్యోగ పత్రాలు చదవడం

అద్దె లెక్కకంటే ముందు ఇద్దరినీ ఇంటి నుంచి పని చేయడానికి అనుమతించిన పత్రాలు తెమ్మన్నాను. ఆయన సంస్థ నియామక పత్రానికి అనుబంధం ఇచ్చింది. అందులో పని చేసే స్థలం ఇల్లేనని, చిరునామా మారితే తెలియజేయాలని, మార్పు వల్ల జీతం మారదని రాసి ఉంది. ఈ చివరి మాట ముఖ్యమైనది. ఖర్చు తక్కువ ఊళ్ళకు మారిన ఉద్యోగుల జీతాలను ఆ ఊరికి తగ్గట్టు సవరిస్తామని 2020 మేలో ఫేస్‌బుక్ ప్రకటించిన తరువాత, అమెరికాలో ఉన్న మన తెలుగువారు కాలిఫోర్నియా నుంచి డాలస్ వైపు మారేటప్పుడు మొదట అడిగే ప్రశ్న ఇదే. ఇక్కడ మనవాళ్ళు దాన్ని ఇంకా అంతగా అడగడం లేదు.

ఆమె దగ్గర ఉన్నది మేనేజరు పంపిన ఒక ఈమెయిల్. తదుపరి ఆదేశాలు వచ్చేవరకు ఇంటి నుంచి పని కొనసాగించవచ్చని అందులో ఉంది. “మేడం, ఈయన ఉద్యోగానికి కాయితం ఉంది, నాకు మాట ఉంది” అని ఆమె తానే చెప్పారు. ఆ ఈమెయిల్ వెనక మరో సంగతి ఉంది. ఆమె పని చేసే కార్యాలయం ప్రత్యేక ఆర్థిక మండలి(సెజ్)లో ఉంది. ఆ మండళ్ళలోని సంస్థలు ఉద్యోగులను ఇంటి నుంచి పని చేయనివ్వడానికి 2022 జూలైలో 43ఎ అనే నిబంధన తెచ్చారు. మొదట సగం మంది ఉద్యోగులకే, ఏడాది కాలానికే వీలిచ్చిన ఆ నిబంధనను 2022 డిసెంబరులో సడలించి, అందరికీ 2023 డిసెంబరు 31 వరకు అనుమతించారు. తరువాత ఆ గడువును పొడిగించారు గాని, మేము కూర్చుని మాట్లాడుకున్న రోజున ఆ పొడిగింపు లేదు. ఆమె ఇంట్లో కూర్చుని పని చేసే హక్కు ఆ రోజు లెక్కన పది నెలలకు మించి ఎక్కడా లేదన్నమాట. 20 ఏళ్ళ రుణంతో కొన్న ఇంటిని పది నెలల భరోసా మీద అమ్మవచ్చా అన్నది అప్పుడు వారి ముందు నిలిచిన ప్రశ్న.

సంస్థల మాటలు ఎంత వేగంగా మారగలవో ఆ ఏడాదే అందరూ చూశారు. 2025 నాటికి ఏ సమయంలోనైనా తమ సిబ్బందిలో నాలుగో వంతు మంది ఆఫీసులో ఉంటే చాలని 2020లో ప్రకటించిన ఐటీ సంస్థ టీసీఎస్, 2023 అక్టోబరు నుంచి అందరినీ వారానికి అయిదు రోజులు రమ్మంది. దీన్ని ఆ సంస్థ తప్పుగా నేను చూడను, వ్యాపార అవసరాలు మారతాయి. అయితే ఆ అవసరాలు మారినప్పుడు కుటుంబం దగ్గర తిరిగి రావడానికి దారి ఉండాలి.

తిరిగి రావడానికి అయ్యే ఖర్చు

వెళ్ళడానికి అయ్యే ఖర్చు అందరూ రాసుకుంటారు. తిరిగి రావలసి వస్తే ఎంతవుతుందో రాసుకుని వచ్చినవారిని నేను ఇంతవరకు చూడలేదు. ఈ కేసులో ఆ లెక్క ఇలా వచ్చింది. ఫ్లాటు అమ్మి, రెండు మూడేళ్ళకు మళ్ళీ అదే ప్రాంతంలో కోటి రూపాయల ఇల్లు కొనాలంటే రిజిస్ట్రేషన్‌కే 7.5 లక్షలు కావాలి. వీరు 2021 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ చేయించుకున్నప్పుడు తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 6 శాతం ఉండేవి. అదే ఏడాది జూలై 22 నుంచి 7.5 శాతం అయ్యాయి. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు ఏజెంటు కమిషను చెరొక శాతం చొప్పున 2 లక్షలు, సామాను రవాణా, స్కూలు అడ్మిషన్ల వంటివి 1.5 లక్షలు వేసుకుంటే మొత్తం 11 లక్షలు. కొనే ఇల్లు నిర్మాణంలో ఉన్నదైతే 5 శాతం జీఎస్టీ వేరు. ఇళ్ళ ధర పెరగడాన్ని ఇందులో కలపనే లేదు.

ఇక మిగులు లెక్క. కాకినాడ వెళితే అద్దె, మెయింటెనెన్సు కలిపి 49,500 పోతుంది. తండ్రికి నెలకు 12,000 అద్దెగా ఇవ్వాలని నిర్ణయించారు కాబట్టి ఇంటి మీద మిగిలేది 37,500. స్కూలు ఫీజు ఏడాదికి 1,60,000 నుంచి 60,000కు తగ్గుతుంది, అంటే నెలకు 8,300. నాయనమ్మ, తాతయ్య ఉంటారు కనుక పాపను సాయంత్రాలు ఉంచే డేకేర్ 7,000, ప్రయాణాలు, బయటి తిండి 6,000 కూడా మిగులుతాయి. అన్నీ కలిపితే 58,800. వారు రాసుకొచ్చిన కాగితంలో ఈ అంకె కింద గీత గీసి ఉంది.

ఆ గీత కింద నేను మూడు ఖర్చులు చేర్చాను. మొదటిది పన్ను. ఆయన అద్దె భత్యం వంటి మినహాయింపులుండే పాత పన్ను విధానంలోనే కొనసాగుతున్నారు, మూల వేతనం 70,000. నెలకు 45,000 అద్దె కడితే 28,000 ఇంటి అద్దె భత్యం మొత్తానికీ మినహాయింపు వస్తుంది. 12,000 కడితే, అందులో మూల వేతనంలో పదో వంతు 7,000 తీసివేయగా 5,000కే వస్తుంది. తగ్గిన 23,000 మీద 31.2 శాతం చొప్పున నెలకు దాదాపు 7,200 పన్ను పెరుగుతుంది. అద్దె తగ్గిందని సంబరపడేవారు దాదాపు అందరూ మరిచిపోయే ఖర్చు ఇది. తండ్రికి ఇచ్చే అద్దె బ్యాంకు ద్వారానే వెళ్ళాలని, ఆయన దాన్ని తన ఆదాయంగా రిటర్నులో చూపాలని కూడా చెప్పాను. రెండోది, రెండో ఇంటర్నెట్ కనెక్షను, ఇన్వర్టర్ నిర్వహణ కింద 1,600.

మూడోది వంటమనిషి, 5,000. దీనికి ఆయన కొంచెం ఆశ్చర్యపోయారు, అమ్మ ఉంది కదా అన్నారు. భార్య ఏమీ అనలేదు. ఆమెకు అమెరికా బృందంతో రాత్రి పదిన్నర వరకు మీటింగులుంటాయి, అత్తగారింట్లో భోజనాలు ఎనిమిదికి. ఇంట్లో కూర్చుని పని చేసే కోడలిని మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఖాళీగా ఉన్న మనిషిగానే చూస్తారు. ఆ చూపు మారడానికి ఏళ్ళు పడుతుంది, బడ్జెట్టులో ఒక వరుస చేర్చడానికి నిమిషం చాలు. ఇలాంటి మార్పుల్లో స్త్రీ ఉద్యోగమే ముందుగా తెగిపోవడం నేను చూశాను కాబట్టి, ఈ విషయంలో నేను పట్టుబట్టాను. ఆమె పని గదిగా మేడ మెట్ల పక్కనే బయటి నుంచి తలుపున్న గదిని ఎంచుకోమన్నది కూడా అందుకే. వచ్చేపోయే చుట్టాలు ఆ గదిలోంచి నడవాల్సిన అవసరం ఉండకూడదు.

ఈ 13,800 తీసేస్తే నికరంగా నెలకు 45,000 మిగులుతుంది. తిరిగి రావడానికి అయ్యే 11 లక్షలు కూడబెట్టాలంటే ఈ మిగులుతో రెండేళ్ళకు పైగా పడుతుంది. నా సలహా: కాకినాడ వెళ్ళండి, ఫ్లాటు అమ్మకండి, అక్కడ స్థలం కొనకండి, రెండు విద్యా సంవత్సరాల తరువాత మళ్ళీ కూర్చుందాం. 2023 మేలో వారు మారారు. సామాను, ఏసీ, ఇన్వర్టర్, పని గది ఏర్పాటు, స్కూలు చేరిక కలిపి 1,60,000 అయింది.

జరిగినది

మొదటి ఏడు నెలలు లెక్క ప్రకారమే నడిచింది. ఒక్క ఇంటర్నెట్ మాత్రం నేర్పవలసింది నేర్పింది. రెండు వేర్వేరు కంపెనీల కనెక్షన్లు పెట్టించుకున్నారు. ఒక గాలివానకు వీధి చివర స్తంభం ఒరిగితే రెండూ ఒకేసారి పోయాయి. రెండు కేబుళ్ళూ ఆ ఒక్క స్తంభం మీదుగానే ఇంట్లోకి వస్తున్నాయని అప్పుడు తెలిసింది. ఫోను హాట్‌స్పాట్ మీద ఆ రెండు రోజులూ గడిపి, తరువాత ఒక కనెక్షను తీసేసి మొబైల్ నెట్‌వర్కు మీద పని చేసే రౌటరు పెట్టుకున్నారు. ఇప్పుడు చిన్న ఊళ్ళకు మారే ప్రతి ఒక్కరికీ కంపెనీల పేర్లు కాక, తీగ ఏ దారిన వస్తోందో చూడమని చెబుతున్నాను.

నవంబరులో ఆమెకు సంస్థ నుంచి ఆదేశం వచ్చింది: జనవరి నుంచి వారానికి మూడు రోజులు హైదరాబాదు కార్యాలయానికి రావాలి. కాకినాడ నుంచి లింగంపల్లి దాకా నడిచే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఆమెకు వారపు బండి అయింది. రాత్రి ఎక్కి తెల్లవారి దిగి, మూడు రోజులు హాస్టల్లో ఉండి, మళ్ళీ రాత్రి బండికి ఇంటికి. హాస్టలు మూడు రోజులకు అద్దె తీసుకోదు, నెల మొత్తానికే తీసుకుంటుంది. విడి గది, భోజనం 13,000, రైలు టికెట్లు 8,500, స్థానిక ప్రయాణాలు, ఇతరాలు 3,500. మొత్తం 25,000. నికర మిగులు ఒక్క నెలలో 45,000 నుంచి 20,000కు పడిపోయింది. ఉద్యోగం మానేస్తాననే మాట ఆ రోజుల్లో ఆమె నోట రెండు మూడుసార్లు వచ్చింది. ఆ 85,000 జీతం లేకపోతే ఈఎంఐ ఒకే జీతం మీద పడుతుందని తెలిసి ఆగారు. ఆ అలసటకు ఈ లెక్కల్లో పద్దు లేదు.

2024 మార్చిలో ఫ్లాటు తాళాలు చేతికొచ్చాయి. ఇక్కడే పోలిక పునాది మారిపోయింది. అప్పటిదాకా కాకినాడ జీవితాన్ని 45,000 అద్దె ఇంటితో పోల్చుతున్నాం. ఇప్పుడు హైదరాబాదులో ఉంటే సొంత ఇంట్లో ఉండవచ్చు, ఖర్చు మెయింటెనెన్సు 4,500 మాత్రమే. ఫ్లాటును 28,000కు అద్దెకిచ్చి, తండ్రికి 12,000 కడుతూ కాకినాడలో ఉంటే ఇంటి మీద లాభం 20,500. అద్దె ఆదాయంలో 30 శాతం ప్రామాణిక మినహాయింపు, ఆ పైన రుణ వడ్డీ ఉన్నందువల్ల అద్దె మీద పన్ను పడలేదు. పాత విధానంలో జీతం మీద సర్దుబాటు చేసుకోగల ఇంటి నష్టం (అద్దె ఆదాయాన్ని మించిన రుణ వడ్డీ), ఆ ఇంట్లో ఉన్నా అద్దెకిచ్చినా, ఏడాదికి 2 లక్షలే. స్కూలు, డేకేర్, ప్రయాణాల ఆదా, కాస్త అద్దె భత్యం మినహాయింపు కలిపి, వంటమనిషి, ఇంటర్నెట్, ఆమె హాస్టలు, ప్రయాణాల 25,000 తీసేస్తే నెలకు మిగిలింది 11,700.

ఫ్లాటును పదకొండు నెలల అగ్రిమెంటుతోనే ఇవ్వమన్నాను. మూడేళ్ళకు ఇస్తే 2,000 ఎక్కువ ఇస్తామన్నవారు కూడా వచ్చారు. ఆ 2,000 కంటే 2025 వేసవికి ఇల్లు ఖాళీగా దొరకడం వీరికి విలువైనది. అగ్రిమెంటు 2025 మార్చిలో ముగిసింది. రంగులు, చిన్న మరమ్మతులు చేయించుకుని, పాప పరీక్షలయ్యాక మే నెలలో కుటుంబం తెల్లాపూర్‌కు వచ్చింది.

రెండేళ్ళ ఖాతా ఇలా ముగిసింది. 2023 జూన్ నుంచి డిసెంబరు వరకు 3,15,000. తరువాతి నాలుగు నెలలు 80,000. అద్దెకిచ్చిన పదకొండు నెలలు 1,28,700. అద్దె రాని చివరి రెండు నెలల్లో 32,600 నష్టం. వెళ్ళడానికి 1,60,000, రావడానికి 90,000 తీసేస్తే మిగిలింది 2,41,100. వెళ్ళేముందు నికర అంచనా ప్రకారం 24 నెలలకు 10,80,000 మిగలాలి. అంటే అందులో నాలుగో వంతు కూడా చేతికి రాలేదు. ఫ్లాటు అమ్మి ఉంటే ఈ 2.4 లక్షలతో 11 లక్షల దారి ఖర్చు భరించాల్సి వచ్చేది.

ఈ మార్పు వృథా అని మాత్రం నేను అనను, వారూ అనరు. 2024 వర్షాకాలంలో పెద్దాయనకు మోకాలి శస్త్రచికిత్స జరిగినప్పుడు కొడుకు మేడ మీద వాటాలోనే ఉన్నాడు. పాప రెండేళ్ళు తాత చేత తెలుగు చదివించుకుంది. వీటికి నేను రూపాయలు కట్టను. అయితే వీటి కోసం వెళ్ళేవారు వీటి కోసమే వెళ్ళాలి, అద్దె మిగులుతుందన్న పేరుతో కాదు.

ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి 2025 ఫిబ్రవరిలో మహిళలకు ఇంటి నుంచి పనిని, చిన్న పట్టణాల్లో పని కేంద్రాలను ప్రోత్సహిస్తామని ప్రకటించినప్పటి నుంచి భీమవరం, రాజమండ్రి, విశాఖ పేర్లతో ఇదే ప్రశ్న నా దగ్గరికి ఎక్కువగా వస్తోంది. అలాంటి కేంద్రాలు ఊరి సౌకర్యాన్ని పెంచుతాయి. ఉద్యోగ పత్రంలో లేని హామీని అవి ఇవ్వలేవు.

ఆ కుటుంబం ఫైలులో చివరి పని రుణానిది. 2025 ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్ నెలల్లో రెపో రేటు మొత్తం ఒక శాతం తగ్గి, వారి వడ్డీ 9 నుంచి 8కి వచ్చింది. ఈఎంఐ తగ్గించుకోవచ్చని బ్యాంకు సందేశం పంపింది. వారు ఈఎంఐని 57,900 దగ్గరే ఉంచి, మిగిలిన 2.4 లక్షలను అసలుకు జమ చేశారు. 15 ఏళ్ళ 9 నెలలు మిగిలి ఉన్న గడువు సుమారు 13 ఏళ్ళకు తగ్గింది. ఆయన ఇప్పటికీ ఇంటి నుంచే, తెల్లాపూర్ ఫ్లాటులోని మూడో గదిలో పని చేస్తున్నారు. ఆమెకు వారానికి నాలుగు రోజులు ఆఫీసు.